రెండు ఏటవాలు గీతలు

మెట్ల పక్క గది,
ఏప్రిల్ 9

చిన్నోడికి,

అక్క రాసేది. ఫోను ఎత్తవు కాబట్టి కాగితం మీదికి వచ్చాను. మెసేజీ అయితే చూడకుండా వదిలేయొచ్చు. ఉత్తరాన్ని చింపాలన్నా ముందు విప్పాలి.

మీ బావ పోయి నాలుగు వారాలు. చివరి చూపుకి నువ్వు రాలేదు. నీ కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకి పరీక్షలన్నావు. మీ బావకీ ఒక పరీక్ష ఉండింది, గుండెకి. దానికోసం నవంబరు ఆఖర్న పెద్దాసుపత్రిలో పేరు రాయించుకుంటే తొమ్మిది వందల ఎనభై ఏడో నంబరు చీటీ ఇచ్చి, వారంలో పిలుస్తామన్నారు. లేత్ మెషిన్ దగ్గర నూనె అంటకుండా ఆ చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా జేబులో వేసుకుని ప్రతి మంగళవారం వెళ్లేవారు. బోర్డు మీద వెయ్యి పన్నెండు వెలిగేది, వెయ్యి నలభై వెలిగేది, ఆయన నంబరు మాత్రం రాదు. కౌంటర్లో అడిగితే "కంప్యూటరు వేసిన వరుసండీ, మా చేతిలో ఏం లేదు" అనేవారట. ఇంటికొచ్చి, "నాకంటే ఎక్కువ జబ్బున్నవాళ్లు కాబోలే" అని నన్నే సముదాయించేవారు. అలా పదిహేను మంగళవారాలు వెళ్లారు. పదిహేనో మంగళవారం మర్నాడు, మార్చి పన్నెండున, వర్క్‌షాపులో మెషిన్ ఆపి స్టూలు మీద కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు.

ఆ వరుస వేసే వెబ్‌సైటు కట్టింది నువ్వు. మా తమ్ముడు కట్టాడని వీధిలో నలుగురికీ నేనే చెప్పుకున్నాను. ఆ ధైర్యంతోనే ఫిబ్రవరిలో నీకు ఫోన్ చేసి, ఒకసారి చూడరా అన్నాను. "బావ అని ముందుకు జరపలేనక్కా, పద్ధతి కాదు" అన్నావు. నేను జరపమనలేదు, చూడమన్నాను.

ఇప్పుడూ ఒక్కటే అడుగుతున్నా. ఆయన వంతు ఎందుకు రాలేదు? ఆ కంప్యూటరు వరుస ఎలా వేస్తుందో నాకు అర్థమయ్యేలా చెప్పు. అర్థం కాకపోతే అయ్యేదాకా చెప్పు. నీకు అక్షరాలు దిద్దించినప్పుడు నేను అలాగే చెప్పాను.

అక్క

*

ఇన్‌స్టిట్యూట్, రెండో అంతస్తు,
ఏప్రిల్ 21

అక్కకి,

బావ గురించి ఏం రాయాలో తెలీక నాలుగు కాగితాలు నలిపి పారేశాను. రాలేకపోయాను, క్షమించు.

నువ్వడిగింది ఒక్క మాటలో తేలేది కాదు. ఎవరిని ముందు పిలవాలో డాక్టర్లు చూసుకుంటారు, సైటు చూపిస్తుందంతే. దాని లోపలి సంగతి తెలియాలంటే మొదటి నుంచీ నేర్చుకోవాలి. అది నెలల చదువు. మా దగ్గర కొత్తగా చేరేవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ పోగేసి చిన్న పుస్తకం వేశాను, దీంతోపాటు పంపుతున్నాను. టూకీగా చెప్పాలంటే, మైఎస్‌క్యూఎల్ అనేది సొరుగుల బీరువా. పీహెచ్‌పీ ఆ బీరువా దగ్గర కూర్చున్న గుమాస్తా. పేజీ తెరిచినవాళ్లు ఏది అడిగితే అది ఏ సొరుగులో ఉందో వెతికి, తీసి, తెర మీద పెడతాడు. గుమాస్తాకి సొంత బుర్ర లేదు. ఎలా తియ్యమని రాసిపెడితే అలా తీస్తాడు.

చాలామంది మూడో పాఠం దగ్గర ఆగిపోతారు. నువ్వూ ఆగిపోతే ఏమీ అనుకోను. ఈ బాధలో ఏదో ఒక వ్యాపకం ఉండటం మంచిదే.

నీ చిన్నోడు

*

మెట్ల పక్క గది,
మే 14

చిన్నోడికి,

మూడో పాఠం దాటేశాను, పదకొండులో ఉన్నాను. నీ పుస్తకంలో అచ్చుతప్పులు ఇరవై ఆరు. ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపుతున్నా. ముప్పయ్యేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన చెయ్యి, ఊరికే ఉండదు. నూట నాలుగో పేజీలో ఒక వాక్యానికి క్రియే లేదు. దాన్ని ఎలా పూర్తిచెయ్యాలో నీకే వదిలేశాను.

ప్రెస్సులో మూలపడున్న కంప్యూటరు తెచ్చుకున్నా. మొదటి పేజీ రాసి తెరిస్తే రెండు రోజులు తెల్ల తెరే. ప్లగ్గు చూశాను, తీగలు చూశాను, పక్కింటి ఎలక్ట్రీషియన్ని పిలిచి అతనికీ చూపించాను. చివరికి చూస్తే, పదిహేడో వరుస ఆఖర్న ఆ చుక్క కింద కామా పెట్టడం మరిచాను. ఒక్క చుక్కకి అలిగి మొత్తం పనే మానేసేదాన్ని మా ఫోర్‌మన్ తర్వాత దీన్నే చూడటం. అయినా నాకు నచ్చింది. ప్రెస్సులో తప్పు అచ్చయ్యాక తెలిసేది, ఇక్కడ ముందే మొరాయిస్తుంది.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. సొరుగులో ఖాళీ అని ఒకటుంటుంది, నల్ అని ఇంకొకటుంటుంది అన్నావు. రెంటిలోనూ ఏమీ లేనప్పుడు తేడా ఏమిటి? డేటాబేస్ పాస్‌వర్డు ఫైల్లో అలా బాహాటంగా రాసేస్తే ఎవరైనా చూడరా? నువ్విచ్చిన నమూనాల్లో కొన్ని వరుసల ముందు రెండు ఏటవాలు గీతలున్నాయి. అవి ఎందుకు? అచ్చుతప్పనుకుని రెండు చోట్ల కొట్టేశాను, ఏమీ కాలేదు. మూడో చోట కొట్టేస్తే పేజీ పడిపోయింది.

అక్క

*

ఇన్‌స్టిట్యూట్, రెండో అంతస్తు,
మే 27

అక్కా,

నీ ఎర్ర సిరా చూసి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. స్టాఫ్ రూములో అందరికీ చూపించాను. మా కుర్రకారు ఆరు వారాల్లో అడగని ప్రశ్నలు నువ్వు అడుగుతున్నావు. ఇంత తొందరగా పట్టుకుంటావని నిజంగా అనుకోలేదు.

ఖాళీ అంటే, అడిగితే "ఏమీ లేదు" అని జవాబు రావడం. నల్ అంటే అసలు ఎవరూ అడగనేలేదని. పాస్‌వర్డు భయం మంచిదే. పీహెచ్‌పీ ఫైలు సర్వర్ లోపలే ఉంటుంది, పేజీ చూసేవాళ్లకి దాని ఫలితమే వెళుతుంది. కానీ సర్వర్ తాళం, అంటే దాని పాస్‌వర్డు, చేతిలో ఉన్నవాళ్లు మాత్రం ప్రతి అక్షరం చదవగలరు.

ఇక ఆ ఏటవాలు గీతలు. వరుస ముందు అవి రెండు పెడితే యంత్రం ఆ వరుసని చదవదు, దాటిపోతుంది. అది మనుషుల కోసం. రేపు మరిచిపోతానేమోనని మన కోసమో, మన తర్వాత వచ్చేవాళ్ల కోసమో రాసుకునే మాట. కొందరు పనికొచ్చే వరుసని కూడా తాత్కాలికంగా ఆ గీతల వెనక పెట్టి ఉంచుతారు. గీతలు తీసేస్తే అది మళ్లీ పనిచేస్తుంది. నువ్వు మూడో చోట కొట్టేసింది మామూలు మాటని. యంత్రం దాన్నీ ఆజ్ఞే అనుకుని తికమకపడింది.

ఏదో ఒక చిన్న పట్టిక నువ్వే కట్టి చూడు. పుస్తకం చదివితే వచ్చేది కాదు ఇది.

నీ చిన్నోడు

*

మెట్ల పక్క గది,
జూన్ 19

చిన్నోడికి,

నువ్వన్నట్టే పట్టిక కట్టాను. ఏం ఎక్కించాలా అని చూస్తే మీ బావ డ్రిల్లు బిట్ల డబ్బా కనబడింది. వర్క్‌షాపు వాళ్లు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లిన దగ్గర్నుంచీ దాన్ని ముట్టుకోలేదు. ఒక్కో బిట్టూ గుడ్డతో తుడిచి, సైజు చూసి ఎక్కించాను. ఒకటి నుంచి పన్నెండు మిల్లీమీటర్ల దాకా, ఏడు మాత్రం లేదు. ఆయన ఏడెక్కడ పోగొట్టుకున్నారో అడగడానికి మనిషి లేరు. ఏడ్చాను. ఏడ్చి మళ్లీ కూర్చున్నాను.

అన్నీ ఎక్కించి సైజు వరుసలో చూపించమంటే ఏం చేసిందో తెలుసా? ముందు ఒకటి, దాని వెంట పది, పదకొండు, పన్నెండు. ఆ తర్వాత రెండు, మూడు. తొమ్మిది అట్టడుగున పడింది. మీ బావ చూసి ఉంటే ఆ డబ్బా కంప్యూటరు నెత్తిన వేసేవారు. పన్నెండు కంటే తొమ్మిది పెద్దదని ఏ బడిలో నేర్పారు దీనికి? సొరుగులన్నీ అక్షరాల రకం పెట్టాను, మిల్లీమీటరు అని కూడా రాద్దామని. తప్పు అక్కడుందా?

జాగ్రత్తగా చూసి రాయి.

అక్క

*

మెట్ల పక్క గది,
జూలై 10

మూడు వారాలైంది. తొమ్మిది ఎందుకు కిందికి పోయింది?

అక్క

*

ఇన్‌స్టిట్యూట్,
జూలై 15

అక్కకి,

పనుల్లో పడి ఆలస్యమైంది.

సంఖ్యని అక్షరాల రకంలో దాచావు. అలా దాస్తే యంత్రం దాన్ని సంఖ్యగా చూడదు, మాటలాగా చూస్తుంది. మొదటి అక్షరమే ముందు పోలుస్తుంది. ఒకటితో మొదలయ్యేవన్నీ తొమ్మిదితో మొదలయ్యేవాటికి ముందు. వరుస అడిగే చోట సైజు పక్కన ప్లస్ సున్నా అని రాయి. సున్నా కలపాల్సి వచ్చేసరికి దాన్ని సంఖ్యే అనుకుంటుంది, సరైపోతుంది. కొత్తవాళ్లందరూ చేసే పొరపాటే.

ఇక చాలక్కా. నీ ఆరోగ్యం చూసుకో. వచ్చే నెల నేనే వచ్చి నాలుగు రోజులుంటాను. ఆ ఆసుపత్రి వైపు మాత్రం వెళ్లకు. ఆ బెంచీలు చూస్తే నీకు మళ్లీ బాధ.

చిన్నోడు

*

పెద్దాసుపత్రి, రిజిస్ట్రేషన్ కౌంటర్, మూడో కిటికీ,
జూలై 30

తమ్ముడికి,

ఆ బెంచీలు రోజూ చూస్తున్నాను. జూన్ రెండు నుంచి ఇక్కడే పని, పేర్లు ఎక్కించడం. నీకు చెప్పలేదు. చెబితే అప్పుడే రాయడం మానేసేవాడివి. బెంచీల్లో కిటికీ వైపు చివరిదాని చెయ్యి మీద గీతలున్నాయి, ఎవరో తాళంచెవితో మంగళవారాలు లెక్కపెట్టుకున్నట్టు. మీ బావవి కావు, ఆయన ఆసుపత్రి సామాను గీకే మనిషి కాదు.

సైటు చూసుకునే అతను వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. "మీకు కాస్త తెలుసటగా, చూస్తూ ఉండండి" అని సూపరింటెండెంటుగారు సర్వర్ తాళం నాకు అప్పగించారు. నీ పుస్తకం చలవ.

ముందు డాక్టర్ల సంగతి. ఈ పరీక్ష వరుసలో డాక్టర్ల ప్రమేయం లేనే లేదు. మూడు నెలల కిందట నువ్వు నాకు చెప్పిన మొదటి మాటే అబద్ధం. నంబరు ప్రకారం మొదటి ఇరవై మందిని మంగళవారం పిలవమని నువ్వు రాసిన ఆజ్ఞ, అంతే.

ఒకటో నంబరు చీటీ ఇస్తే ఎవరూ నమ్మరని ఆసుపత్రివాళ్లు నంబర్లు వందతో మొదలుపెట్టించారట. అందుకని ఏడాది పాటు ఎవరికీ ఏ తేడా తెలీలేదు. అన్నీ మూడంకెల నంబర్లే. ఆ తర్వాత వెయ్యో మనిషి వచ్చాడు. ఆ రోజుకి ఇంకా పిలవాల్సినవాళ్లు పంతొమ్మిది మంది, తొమ్మిది వందల ఎనభై ఒకటి నుంచి తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాకా. నువ్వు నంబరు సొరుగుని అక్షరాల రకం పెట్టావు. ఒకటితో మొదలయ్యేవన్నీ తొమ్మిదితో మొదలయ్యేవాటికి ముందు. వారానికి ఇరవై మందికి పైనే కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు, ఈ పంతొమ్మిది మంది అడుగునే ఉండిపోయారు. డ్రిల్లు బిట్టు తప్పు. కొత్తవాళ్లందరూ చేసే పొరపాటే అని నువ్వే రాశావు, నీ చేత్తో, సంతకం పెట్టి.

ఇంతవరకే అయితే ఈ ఉత్తరం ఇలా రాసేదాన్ని కాదు. మనిషన్నాక తప్పులు చేస్తాడు, నేను తిన్న అన్నమంతా అవతలివాళ్ల తప్పుల మీదే. కానీ ప్రూఫులు దిద్దేవాళ్లకి ఒక పాడు అలవాటుంటుంది. చదవక్కర్లేని చోట కూడా చదువుతారు. వరుస అడిగే ఫైలు తెరిచాను. తప్పు వరుస కింద సరైన వరుస కూడా ఉంది. నంబరు, ప్లస్, సున్నా. దాని ముందు రెండు ఏటవాలు గీతలు. పక్కన నీ పొడి అక్షరాలు, తేదీ, చిన్న మాట. "ఫిబ్రవరి 26. మీటింగు అయ్యాక గీతలు తీయాలి."

నేను నీకు ఫోన్ చేసింది ఫిబ్రవరి ఇరవై అయిదు.

ఆ మాట యంత్రం చదవదు, మనుషుల కోసం అన్నావు. చదివాను. ఇప్పుడు నువ్వు చెప్పు.

*

ఇన్‌స్టిట్యూట్,
ఆగస్టు 5

అక్కా,

నాలుగు రోజులుగా నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంక నీళ్లు నమిలి లాభం లేదు.

నీ ఫోన్ పెట్టేశాక మనసాగక లోపలికి వెళ్లి చూశాను. పది నిమిషాల్లో దొరికింది. నా తప్పే. మర్నాడు సరైన వరుస రాశాను. పెట్టేద్దామని చెయ్యి కూడా వేశాను. అప్పుడు తట్టింది, ఇది పెడితే వచ్చే మంగళవారమే బావ నంబరు పైకొచ్చేస్తుంది. నిన్న అక్క ఫోన్ చేసింది, ఇవాళ బావ పేరు పైకొచ్చింది అంటారు. బావ కోసం లిస్టు తిప్పాడంటారు. కాదు, నా తప్పు దిద్దుకున్నానని చెబితే అప్పుడా పంతొమ్మిది మంది సంగతి బయటపడుతుంది. మార్చి పదిహేనున మీటింగు, ఇంకో ఆరు ఆసుపత్రులకి మా సైటే తీసుకోవాలా అని. అది దాటాక నెమ్మదిగా గీతలు తీసేద్దామనుకున్నాను. పద్దెనిమిది రోజులే కదా అనుకున్నాను. బావ పన్నెండున పోయారు.

తర్వాత ఆ ఫైలు ముట్టుకోవాలంటే భయం వేసింది. ముట్టుకుంటే ఎప్పుడు మార్చానో తేదీ పడుతుంది. అందుకే నీ గుమ్మం తొక్కలేకపోయాను, పరీక్షలు లేవు ఏమీ లేవు. నీకు పాఠాలు చెబితే మరిచిపోతావనుకున్నాను, ఆ మాటా దాచకుండా రాస్తున్నాను. మధ్యలో నువ్వు ఎర్ర సిరాతో దిద్ది పంపినప్పుడు మాత్రం నిజంగానే సంతోషపడ్డాను, చిన్నప్పటిలాగా.

పరీక్ష చేయించుకున్నా బావ బతికేవారో లేదో ఎవరికి తెలుసు? అదొక్కటే నాకు నేను చెప్పుకుంటున్నాను.

నువ్వు నన్ను ఎన్నైనా తిట్టు. కానీ నా ఉత్తరాలు ఎవరికీ చూపించకు. ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద ఆసుపత్రి సైటు పేరే ఉంది. నలభై మంది చదువుకుంటున్నారు. నన్ను పెంచినదానివి, నీ చేత్తో నన్ను ముంచకు.

చిన్నోడు

*

మూడో కిటికీ,
ఆగస్టు 13

నీ ఉత్తరాలన్నీ తేదీల వారీగా పేర్చి, పేజీ నంబర్లు వేసి, సూపరింటెండెంటుగారికి శుక్రవారం ఇచ్చాను. ఆవిడ ఆఖరిది రెండుసార్లు చదివి "ఈయన మీకేమవుతారు?" అని అడిగారు. తమ్ముడన్నాను. ఆవిడ ఎదురుగానే కూర్చుని ఆ రెండు గీతలు తీసేశాను, తప్పు వరుస ముందు పెట్టాను. అర నిమిషం పట్టలేదు. తేదీ పడింది, పడనీ.

బతికేవారో లేదో ఎవరికి తెలుసు అన్నావు. నాకూ తెలీదు. తెలుసుకునే వీలు లేకుండా చేసింది నువ్వు. అది కూడా మీ బావ ఒక్కరి విషయంలో కాదు. మిగతా పద్దెనిమిది మందికీ ఫోన్లు చేశాను. ఎనిమిది మంది ఎక్కడెక్కడో చేయించుకున్నారు. ఆరుగురు ఇంకా మా పిలుపు కోసమే చూస్తున్నారు. నలుగురు లేరు. ఒకావిడ ఫోనెత్తి "ఇప్పుడు గుర్తొచ్చామా" అంది. మార్చిలోనే పోయిన మనిషి కూతురు. నేనూ అదే వరుసలో దాన్నేనమ్మా అని చెప్పాను. నువ్వు పద్దెనిమిది రోజులే అనుకున్నావు. మీ బావ పోయాక కూడా అయిదు నెలలు ఆ గీతలు అలాగే ఉన్నాయి. దీనికి నువ్వు రాసిన కారణం మళ్లీ మళ్లీ చదివాను. తేదీ పడుతుందట.

నిన్ను ముంచవద్దన్నావు. నేను ముంచలేదు, దిద్దాను. నాకు వచ్చిన పని అదొక్కటే. మా ఇంటికి నాలుగు రోజులు కాదు, ఒక పూట కూడా రావద్దు. నీ చిన్నప్పటి పలక నా దగ్గరే ఉంది, పోస్టులో వస్తుంది.

నిన్న మంగళవారం. ఆరుగురూ వచ్చారు. ఒకాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గంట ముందే వచ్చి కూర్చున్నాడు. లిస్టు మొదటి నుంచీ పిలుస్తూ వచ్చాను. ఒక్క పేరూ తీసేయలేదు, పోయినవాళ్లవి కూడా బోర్డు మీద వెలిగాయి. ఏడోది తొమ్మిది వందల ఎనభై ఏడు. పిలవాల్సింది నేనే. పిలిచాను, పూర్తి పేరుతో. అంతమందిలో ఎవరూ లేవలేదు. పద్ధతి ప్రకారం మూడు నిమిషాలు ఆగాను.

ఆ తర్వాత బటను నొక్కాలి. నువ్వు పెట్టినవి రెండే, "వచ్చారు", "రాలేదు". మూడోది ఉంటుందని నీకు తట్టినట్టు లేదు. మిగతా నలుగురికీ వాళ్ల ఇంటివాళ్లని అడిగి నొక్కుదామని ఆపి ఉంచాను. మీ బావ ఇంటిదాన్ని నేనే.

పదిహేను మంగళవారాలు చీటీ జేబులో పెట్టుకుని ఈ బెంచీ మీదే కూర్చున్నారు. "వచ్చారు" నొక్కాను.